జీవరత్నం అడిగిన సంగటి బొమ్మ

నతానియేలు నంద్యాలలో బోర్డులు రాసే పెయింటరు. పుట్టింది ఆళ్లగడ్డలో. డెబ్బై మూడులో ఒక హోటలు గోడ మీద ఇడ్లీలు, పూరీలు వేసినప్పటి నుంచి అతని పేరు పైకొచ్చింది. గోడ మీది ఇడ్లీలకూ లోపల పెట్టే ఇడ్లీలకూ ఏ చుట్టరికమూ లేదు. జనం గోడ చూసి లోపలికి పోయేవాళ్లు, ప్లేటు చూసి నోరు మూసుకునేవాళ్లు. ఇంకేం, పాణ్యం దాకా ఏ హోటలువాడికి బోర్డు కావాలన్నా నతానియేలే రావాలి.

పేరొచ్చింది గానీ మనిషికి నిలకడ రాలేదు. వేసిన ప్రతి పూరీ అతని కంటికి అబద్ధంలాగే కనబడేది. పదేళ్లు వచ్చేదాకా పూరీ మొహం చూసినవాడు కాదు మరి. ఒక బోర్డు ఆరకముందే ఇంకో ఊరికి బస్సెక్కేవాడు.

ఎనభై నాలుగు చలికాలంలో, ఆళ్లగడ్డలో ఉన్న తల్లి జీవరత్నానికి నీటికాసులొచ్చి ఒక కన్ను పోయింది. రెండోది ఎండాకాలం దాకా ఆగితే గొప్పేనన్నాడు డాక్టరు. ఆమె ఏడవలేదు. కొడుకును దగ్గరికి పిలిచింది.

"అందరి కూడూ రాస్తివి. మన సంగటి ఒక్కసారన్నా రాస్తివా నాయనా? కన్నుండంగానే సూపియ్యి."

అంతే, ఆ మాట అతన్ని పట్టుకుంది. నంద్యాలకు రాగానే భార్య కృపావతి చేత జొన్న సంగటి చేయించాడు. పళ్లెంలో ముద్ద, పక్కన ఊరిబిండి పచ్చడి, వాళ్లు ఎర్రగడ్డ అనే ఉల్లిపాయ ఒకటి. గడపలో పెట్టి చూశాడు, కిటికీ కింద పెట్టి చూశాడు. ఎర్రగడ్డను పక్కకు జరిపాడు, తీసేశాడు, మళ్లీ పెట్టాడు. ఈలోగా ఆవిరి పోయి, ముద్ద మీద పొర కట్టి, పగుళ్లిచ్చింది. బోర్డుకు తెచ్చిన రేకు మీదే బొమ్మ మొదలుపెడితే, డబ్బాల్లో దొరికే ఏ రంగూ ముద్దకు సరిపోలేదు. ఒకరోజు బండరాయిలా వచ్చింది, మర్నాడు పేడముద్దలా వచ్చింది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవాడు.

"ఏమప్పా, వారం నుంచి సల్లారిన సంగటే తింటాండాం. నీకు బోర్డు చెయ్యి పోలేదు. సంగటికి ఆ నిగనిగ యాడుంటాది?" అంది కృపావతి.

నిజమే. అలవాటు కొద్దీ ముద్ద మీద తెల్లటి మెరుపు దిద్దాడు. సిగ్గేసి గీకేశాడు. "ఇంగొక్క ముద్ద చెయ్యి మే" అని బతిమాలి, దాని మీదే మళ్లీ పూశాడు. అలా రెండు నెలలు పూత మీద పూత పడి, రేకు మీద ముద్ద వేలెడు మందాన లేచింది. పైన తోలు కట్టేది, లోపల మాత్రం పచ్చే.

తల్లి గోడ పట్టుకుని నడుస్తాందని కబురొచ్చింది. ఆరేదాకా ఆగే ధైర్యం అతనికి లేకపోయింది. రేకును అంచులతో పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. సీటు ఖాళీగా ఉన్నా దారిపొడుగునా నిలబడే పోయాడు.

జీవరత్నం బొమ్మను కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది.

"పళ్లెం మనదే. ఎర్రగడ్డ బాగుండాది. ముద్ద మాత్రం మనది కాదు."

అతనికి కోపం వచ్చింది. "రెండు నెల్లు సచ్చి రాసినా కదమా! ఏం తక్కువాయ?"

"గుంత యాడరా? పప్పు యాడ పోసుకుంటావ్? గుంత నొక్కకుండా నీకెప్పుడన్నా ముద్ద పెట్టినానా?"

బొమ్మకు నున్నగా ఉండాలని, గుంత నొక్కబోయిన కృపావతి చేతిని ప్రతిసారీ ఆపింది నతానియేలే. అతను ఏదో అనేలోపే జీవరత్నం బొటనవేలు ముద్ద నడిమధ్యన దిగబడింది. పైపొర చిరిగి, పచ్చి రంగు వేలి చుట్టూ గట్టులా లేచింది.

"అమ్మా!" అని అరిచి రేకు లాక్కున్నాడు. లాక్కుని చూశాడు. చిన్నప్పుడు ఆకలి మీద రోజూ చూసిన ముద్ద అది. దాని ముందు చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆమె కంగారుగా వేలు కొంగుకు తుడుచుకుంది. "చెడిపోయిందా నాయనా? మళ్లీ రాసుకోలే."

"లేదుమా," అన్నాడు, "ఇప్పుడు అయిపాయ."