రెండో బండి పిలుపు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను ప్రశ్నలు వేసి విసిగించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దానికి తోడు చేసేది వైర్‌లెస్ సెట్ల పని. గాలిలో గొంతు వినబడిందంటే ఎక్కడో ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక మనిషి ఉండి తీరాలి. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఆ ఒక్క రోజు తప్ప.

తొంభైల చివర్లో విశాఖలో టాక్సీలకు సెట్లు బిగించేవాణ్ణి. ఫలానా జంక్షన్లో బళ్లు ఆగిపోయాయని ఒక డ్రైవరు చెబితే, మిగతావాళ్లు వేరే సందు పట్టేవారు. అది చూసిన ఒక డాక్టరు గారు పాడేరులో తన ఆస్పత్రి జీపులు రెండింటికీ అలాగే పెట్టమన్నారు. జీపుకొకటి, ఆస్పత్రిలో ఒకటి.

ఆ వానాకాలం రెండో బండి సెట్టు పాడైంది. వెళ్లి విప్పాను. ఇంతలో హుకుంపేట అవతల ఊరి నుంచి కబురు. చిలకమ్మ అనే అమ్మాయికి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని. ఒకటో బండి బయల్దేరింది. సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూద్దామని నేనూ ఎక్కాను. విప్పిన సెట్టును సంచిలో వేసుకున్నాను.

హుకుంపేట చేరకముందే ఆస్పత్రి గొంతు పోయింది. మధ్యలో కొండ. అందులో వింతేం లేదు.

తిరిగొచ్చేటప్పుడు ఒకటే వాన. పొద్దున పదకొండు గంటల వేళ. చిలకమ్మ వెనక సీట్లో తల్లి ఒడిలో పడుకుని మూలుగుతోంది. డ్రైవరు అప్పారావు నిదానంగా నడుపుతున్నాడు. సెట్టు గరగరలాడింది.

"రెండో బండి మాటాడతన్నాను. అప్పారావూ, ముందుకి రాకు. కల్వర్టు కాడ కొండ జారతంది. ఎనక్కి తిప్పీ బేగి."

రెండో బండి డ్రైవరు సింహాచలం గొంతది. అప్పారావు బ్రేకు తొక్కాడు.

"ఈడిటెప్పుడొచ్చాడు?"

నేను మైకు తీసి పిలిచాను. జవాబు లేదు. సంచి తడిమి చూశాను. రెండో బండి సెట్టు అందులోనే ఉంది, విప్పినది విప్పినట్టే.

"ఏటి సేద్దాం?" అన్నాడు అప్పారావు.

నేను తేల్చుకునేలోపే చిలకమ్మ తల్లి అంది: "పిలిసినోడెవుడైతే ఏటి బాబూ, తిప్పండి."

కాఫీ తోటల మట్టిదారి పట్టాం. రెండు మలుపులు తిరిగామో లేదో, వెనక కొండ విరిగిపడ్డ చప్పుడు. సాయంత్రం వెళ్లి చూస్తే కల్వర్టు కనబడలేదు. దాని మీద బండరాళ్లు, వేళ్లతో సహా చెట్లు.

మేం ఆస్పత్రి చేరేసరికి సింహాచలం షెడ్డులో జీపు కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాడు. పొద్దున్నుంచీ కదల్లేదని డాక్టరు గారే చెప్పారు. ఆస్పత్రి సెట్టు దగ్గర నర్సు తప్ప ఎవరూ లేరు. పోనీ ఇంకెవరి సెట్టో కలిసిందనుకుందామంటే, వాళ్లకు అప్పారావు పేరెలా తెలుసు? మర్నాడు సింహాచలాన్ని, ఎందుకో చెప్పకుండానే, ఆస్పత్రి సెట్టులో మాట్లాడమని, మేం ఆగిన చోటికే వెళ్లి విన్నాను. గంటసేపూ గరగర తప్ప ఏమీ లేదు.

ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా క్షేమం. ఇంటికి వెళ్లే రోజు చిలకమ్మ తల్లి సింహాచలాన్ని వెతుక్కుంటూ షెడ్డుకొచ్చి రెండు చేతులూ జోడించింది.

"నానేటి సేసినానమ్మా?" అని అతను నా వైపు చూశాడు.

మొత్తం సంగతి అతనికి చెప్పాను. ఎవరు మాట్లాడారో మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పుడు మీరడిగినా అంతే.