పల్టీ కొట్టిన బండి గేరు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. హైదరాబాదులో కాలేజీలో సైన్సు చదివాను. కళ్లతో చూడనిదాన్ని నమ్మడం నాకు చేతకాదు. ఇప్పుడూ ఆ మాట వాడటానికి మనసొప్పదు. జరిగింది మాత్రం రాస్తాను.

మా వారు తాండూరు దగ్గర నాపరాతి గనిలో సూపర్‌వైజరు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపు ఒకటి మాకుంది. పాపకప్పుడు ఏడాదిన్నర. పుట్టినప్పటి నుంచీ ఆయాసం. వికారాబాదులో డాక్టరు గారికి తరచూ చూపించాలి, వైద్యం మధ్యలో ఆపితే ప్రాణానికే ముప్పన్నారు. రైలుంది గాని, ఇంజను పొగకు పిల్ల ఊపిరి అందక నీలిరంగుకు తిరిగేది. అందుకే జీపు. పాప నా ఒడి దిగేది కాదు. సొంత నానమ్మ చేతులు చాపినా మొహం తిప్పుకునేది.

ఆ వానాకాలం రెండో గేరు పళ్లు విరిగాయి. అది లేకుండా అనంతగిరి ఘాట్ ఎక్కలేం. తాండూరు బజారులో ఖాజా మియా అనే మెకానిక్కును కుదిర్చాం. ఆయన ఎక్కడో తిరిగి, పాడైన ఇంకో జీపులోంచి గేరు ఊడదీసి తెచ్చాడు. కానీ వెంటనే బిగించలేదు.

"జర ఆగున్రి సాబ్. ఇది ఘాట్ల పల్టీ కొట్టిన బండిది. ఒక్కరాత్రి లోబాన్, గదే సాంబ్రాణి, పొగ పెట్టి రేపు బిగిస్త. మా ఉస్తాద్ కాడి నుంచి వస్తున్న రివాజు."

మా వారు నవ్వారు. "ఇనుముకు దయ్యం పడుతదా భాయ్? పట్టనీ, అదే బండి నడుపుతది. నేను వెనక పండుకుంట."

"నవ్వున్రి సాబ్, నవ్వున్రి. ఘాట్ ఎక్కేది మీరే గద."

మర్నాడే డాక్టరు గారు రమ్మన్న రోజు. మా వారు తొందరపెట్టి అప్పటికప్పుడే బిగించేలా చేశారు.

బండి చక్కగా నడిచింది. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర మాత్రం గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. మా వారు బ్రేకు తొక్కి, దిగి చక్రం కింద రాయి పెట్టారు. పట్టపగలు. రోడ్డు మీద మనిషి జాడ లేదు. పాప నా ఒడిలో లేచి నిలబడి, లోయ వైపు రెండు చేతులూ చాపింది, ఎత్తుకోమన్నట్టు. నేను గట్టిగా పట్టుకోకపోతే పడిపోయేదే.

పాప ఏ పక్షినో చూసిందనుకున్నాను. తర్వాతి ప్రయాణంలో అదే మలుపు, అదే గేరు, అవే చేతులు. ఈసారి పాప ఏడ్చింది, నేను వదలనందుకు.

తిరిగొచ్చాక ఖాజా మియా గేరుబాక్సు విప్పి చాలాసేపు చూశాడు. "గేరు పుర్జాల ఏం ఖరాబ్ లేదమ్మా" అన్నాడు. పల్టీ కొట్టిన బండిలో ఎవరున్నారని అడిగాను. "నాకెర్కలేదు బిడ్డా. ఎర్కైనా నీకు చెప్ప." అని ఆ గేరు తీసేసి, హైదరాబాదు నుంచి కొత్తది తెప్పించాడు. నన్నూ పాపనూ దూరంగా కూర్చోబెట్టి, బండంతటికీ లోబాన్ పొగ పట్టించాడు.

ఆ తర్వాతి ప్రయాణంలో జీపు ఆ మలుపు దగ్గర ఆగలేదు. మా వారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు పాప చేతులు చాపింది. మునుపటిలా లోయలోకి వంగలేదు, ఏడవలేదు. ఎవరినో అందుకున్నట్టు చేతులు దగ్గరికి తెచ్చుకుని, నా ఒడిలో ఒక పక్కకు జరిగింది. పాప ఖాళీ చేసిన చోట, నా కుడి తొడ మీద, బరువేమీ లేదు. చల్లగా మాత్రం ఉంది. వికారాబాదు చేరేదాకా పాప ఆ చోటు ముట్టలేదు.

వానాకాలం చలి అన్నారు మా వారు. పసిపిల్లల ఆటకు అర్థాలు వెతకొద్దన్నారు. ఆయన చెప్పినవన్నీ నేనూ చెప్పుకున్నాను. ఒక్కటీ అతకడం లేదు. ఇన్ని నెలలు గడిచినా కారణం నాకు తెలియదు.

పాప ఆయాసం తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. ఇదివరకు నన్ను కరుచుకుని పడుకునేది. ఈ మధ్య మంచం అంచుకు జరిగి, మా ఇద్దరి నడుమ ఒక పసిబిడ్డ పట్టేంత చోటు వదులుతోంది. దగ్గరికి లాక్కుందామని ఇందాక చెయ్యి చాపాను. ఆ చోటు మీదుగా చెయ్యి పోనివ్వడానికి ధైర్యం చాలలేదు.