గట్టు దాటిన రంగు

నా కుడిచెయ్యి వణకడం మొదలై ఎనిమిది నెలలైంది. నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్ళు కాలువలకీ గట్లకీ నక్షాలు గీసిన చెయ్యి! బ్యాంకులో నా సంతకం పాతదానిలా లేదని పెన్షన్ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ రోజు నుంచి ఎక్కడా పేరు రాయలేదు. రాజమండ్రిలో సుభద్రగారనే రిటైర్డ్ డ్రాయింగ్ టీచరు నీటిరంగుల్లో నైరూప్య ప్రకృతి చిత్రాలు నేర్పుతారనీ, వాటికి తిన్నని గీతతో పనే లేదనీ మా బావమరిది చెప్పగానే బయల్దేరాను. ఇదీ కుదరకపోతే ఇక కాగితం జోలికే పోనని మా ఆవిడతో తెగేసి చెప్పాను.

మా తునిలో ఉదయం ఆరుంపావుకి ప్యాసింజరు. వెళ్ళదలచినవారు కాస్త ముందే వెళ్ళి కిటికీ పక్కన కూర్చోండి, సామర్లకోట దాటాక కాలు మోపే చోటుండదు. రాజమండ్రిలో దిగి, స్టేషను ఎదుట పెసరట్టు తిని, తొమ్మిదింటికి ఆటోలో గోదావరి గట్టు మీద ఆవిడ నేర్పే చోటికి చేరాను.

సుభద్రగారికి డెబ్బై ఉంటాయి. నా సంగతంతా బావమరిది ముందే చెప్పాడట. నమస్కారం పెట్టబోతుంటే చెయ్యి చాపారు.

"ఆ జేబులో పెన్సిలు, స్కేలు ఇలా ఇచ్చేయండి."

రెండూ ఆవిడ సంచిలోకి పోయాయి.

తడి కాగితం మీద రంగు వెయ్యమన్నారు. పాకిపోతుందని భయమేసి, ఆరేదాకా ఆగాను. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి రెండు గంటలు వేశాను. ముచ్చటగానే వచ్చిందనిపించింది.

"రంగుకీ రంగుకీ మధ్య ఈ తెల్లగీతలేంటండి?" అన్నారావిడ.

"గట్లండి. రంగు అవతలికి పోకుండా."

"మరి మూలనున్న ఈ బాణం?"

చూసుకుని బిత్తరపోయాను. నక్షాల్లో వేసే ఉత్తర దిక్కు గుర్తు! ఎప్పుడు వేశానో నాకే తెలీదు.

ఆవిడ నవ్వలేదు. కుంచెలు కడిగే చెంబెత్తి కాగితం మీద నీళ్ళు గుమ్మరించేశారు.

"అయ్యయ్యో! మతుండే చేశారా ఈ పని?" అని అరిచేశాను. రేవులో బట్టలుతికేవాళ్ళు ఇటు తిరిగారు.

"ముప్ఫై ఏళ్ళు నీళ్ళనాపారు. ఈ పూటకి పోనివ్వండి. ఆ ఎడమచెయ్యి తీసి కుంచె పెట్టండి," అన్నారు నింపాదిగా.

కోపంతోనే పెట్టాను. చెయ్యి దాని ఇష్టమొచ్చినట్టు వణికింది. నీలం మట్టిరంగులోకి, మట్టిరంగు ఆకాశంలోకి పోయాయి. ఇదీ ఒక బొమ్మేనా? మధ్యాహ్నం రెండు గంటలకి పెన్సిలు, స్కేలు తిరిగిచ్చి, "ఆదివారం రండి," అన్నారు. మళ్ళీ రాకూడదనుకున్నాను. హోటల్లో భోంచేసి స్టేషనుకొచ్చాను.

నాలుగింటి ప్యాసింజరు. చుడితే తడి అంటుకుంటుందని కాగితం ఒళ్ళో పరుచుకున్నాను. ఎదుటి సీట్లో ఒకామె, గోదావరి లంకలో వాళ్ళ ఊరట, అన్నవరం వెళ్తోంది. ద్వారపూడి దాటేదాకా బొమ్మనే చూసింది.

"ఇది మా లంకేనాండి?"

"ఏ లంకా కాదమ్మా. పాడైపోయిన బొమ్మ."

"అదేంటండి అలాగంటారు! గట్టు తెగిన్నాడు మేం డాబా ఎక్కి చూస్తే అచ్చం ఇలాగే ఉందండి. ఏరేదో చేనేదో తెలిస్తేనా! నీళ్ళు ఇదిగో, ఇలాగే వణుకుతున్నాయండి."

ఆమె వేలు సరిగ్గా నా చెయ్యి అదుపు తప్పిన చోట ఉంది. ఎన్ని గట్లు గీశాను! తెగితే ఎలా ఉంటుందో ఒక్కనాడూ అనుకోలేదు.

"మా ఆయనకి చూపించుకుంటాను, ఇస్తారేంటండి? కింద మీ పేరు రాసివ్వండి."

"చెయ్యి వణుకుతుందమ్మా."

"రైల్లో ఎవరి చెయ్యి వణకదండి?"

పెన్సిలు తీశాను. పిఠాపురం దాటుతుండగా రాశాను. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ఆమె కాగితం దగ్గరికి లాక్కుని, పొల్లు పోకుండా చదివింది. "సత్యనారాయణ! స్వామివారి పేరేనండి మీదీ!"

కళ్ళు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది. అన్నవరంలో బొమ్మ ఆమెతో దిగిపోయింది.

తునిలో ఇంటికి చేరేసరికి గుమ్మంలోనే మా ఆవిడ, "చేతులూపుకుంటూ వచ్చారేంటండి? బొమ్మేది?" అంది.

"ఇచ్చేశాను. సంతకం పెట్టి మరీ."

ఆవిడ నా బొటనవేలు పట్టుకుని, సిరా మరక ఉందేమోనని వెలుతురులోకి తిప్పి చూసింది.