అధ్యక్షుడికి ముందే తెలుసన్న నేను

పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేయబోతోందని అమెరికా అధ్యక్షుడికి ముందే తెలుసని రెండేళ్లపాటు గట్టిగా వాదించాను. పదో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయాల్లోనే. మస్కట్ వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఆ ఒక్క దాడి మీదే ఐదు పుస్తకాలు చదివాను. అన్నీ ఇంగ్లిషువే, నిఘంటువు పక్కన పెట్టుకుని.

మస్కట్‌లోని హమ్రియా పేటలో నా రూమ్‌లో ఉండే అక్క కాకినాడ వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. అదే వార్డులో నేను ఆయాను. కూర తరుగుతూ వాదించుకునేవాళ్లం.

“రాడార్‌లో విమానాలు కనబడ్డాయక్కా. సిపాయిలు ఫోన్ చేస్తే, పర్లేదు వదిలేయమన్నాడు ఆఫీసరు. పైవాళ్లకి తెలియకుండానే అంటాడా?”

“వాళ్ల విమానాలే అనుకున్నాడేమోనే. నీ కళ్లకి అందరూ దొంగలే!”

అక్క నెలకోసారి ఉపవాస ప్రార్థన చేస్తుంది. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ఆరాధన కూడా ఆ రోజే. గురువారం సాయంత్రం నుంచి ఆ ఆరాధన అయ్యేదాకా అన్నమే కాదు, ఫోనూ ముట్టదు. “డ్యూటీ సంగతేమన్నా వస్తే చెప్పు” అని నా చేతికిస్తుంది. ఒక శుక్రవారం పొద్దున్నే తెరిచి చూస్తే బైబిలు వాక్యాల బొమ్మలు, శుభోదయాలు నలభై పైన ఉన్నాయి. వాటి మధ్య వార్డు డ్యూటీ లిస్టు. ప్రతి వారం వచ్చేదే కదా అని వేలితో తోసేశాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసుకుని ఆరాధనకు వెళ్లాం.

అది మార్చిన లిస్టు. ఆ పూట డ్యూటీ అక్కదే.

డ్యూటీకి రాలేదని శనివారం అక్క చేతికి మెమో ఇచ్చారు. మరుసటి నెలలో కాంట్రాక్టు రెన్యువల్. మెమో ఫైల్లో ఉంటే అది అనుమానమే.

“నువ్వు చూశావా?”

“చూశానక్కా.”

“చూసీ చెప్పలేదా? ఆరాధనలో పాడే పాట నీకు కాకుండా నాకిచ్చారని వారం నుంచీ మూతి ముడుచుకుని తిరుగుతున్నావ్. తెలిసే ఊరుకున్నావా?”

కబురు వచ్చింది, నేను చూశాను, పైగా కోపం కూడా ఉంది. అధ్యక్షుడి మీద నేను పెట్టిన రుజువులు కూడా ఇవే.

మర్నాడు డ్యూటీకి ముందే వార్డు ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లాను. ఆమె మలయాళీ సిస్టర్. తప్పు నాదని కాగితం రాసిచ్చాను.

“దేఖా, ఫిర్ బోలా క్యోం నహీ?”

చూసి ఎందుకు చెప్పలేదంటే, పాత లిస్టనుకున్నానన్నాను. ఆమె ఆ కాగితాన్ని మెమోకి జతచేసింది. మెమో తీసేయలేదు. అయినా రెన్యువల్ వచ్చింది.

“మీ అధ్యక్షుడి చేత కూడా ఓ కాగితం రాయించాల్సింది” అంది అక్క, ఉల్లిపాయలు తరుగుతూ.

జపాన్‌కు చమురు ఆపి అమెరికాయే రెచ్చగొట్టిందా అన్నది వేరే ప్రశ్న. దాని మీద ఇప్పటికీ వాదిస్తాను. ముందే తెలుసా అన్న మాట మాత్రం ఎత్తను.

ఉపవాసం రోజున అక్క ఇప్పుడు ఫోన్ పక్క రూమ్‌లో ఇచ్చి వస్తుంది.