రాజవ్వ వద్దన్న ఇల్లు

మొన్న తెలిసినవాళ్లు ఇల్లు చూడాలి, తోడు రమ్మంటే సూరత్‌లోనే వేసు వైపు వెళ్లాను. ఇళ్లు చూపించే దలాలు తాళం తీసి తలుపు నెట్టగానే ఊదుబత్తి వాసన గుప్పుమంది. ఇంట్లో కుర్చీ లేదు, చాప లేదు, గోడకు ఒక్క దేవుడి పటమైనా లేదు. "అబ్బ, ఇంట్లో ఎంత కళ ఉందో" అని వచ్చినవాళ్లు మురిసిపోయారు. నాకు మాత్రం చెవి పక్కనే రాజవ్వ గొంతు వినిపించింది: "దేవుడే లేని ఇంట్ల ఊదుబత్తి ఎవనికి ముట్టించిండే వీడు?" నేను తిన్నగా వంటింట్లోకి వెళ్లి సింకు కింది తలుపు తీశాను. గోడంతా చెమ్మ, నల్లటి బూజు. ఆ కంపును ఊదుబత్తి ఎంతసేపు కప్పుతుంది? దలాలు ముఖం మాడిపోయింది. దారి పొడుగునా వాళ్లు నన్ను మెచ్చుకుంటూనే ఉన్నారు గానీ, ఆ మెప్పు నాది కాదు.

రాజవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమెను ఎరగని మీకు ముందే చెప్పేస్తాను, ఆమె మంచిమనిషే గానీ ఎవర్నీ నమ్మే మనిషి కాదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ రోజు నీళ్లు ఎక్కువ పోశాడని తేల్చేసేది. కూరగాయలామె కొసరు వేస్తే బుట్ట అడుగున ఏం కుళ్లిందో చూసేది. ఎవరైనా ఊరికే చాయ్ పోస్తే గ్లాసు పట్టుకుని, తాగకుండా, పోసినవాళ్ల ముఖంలోకే చూసేది. నేను పెళ్లయి కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చిన కొత్తలో లింబాయత్‌లో మా గది, ఆమె గది పక్కపక్కన. ఇద్దరం గడపల మీద కూర్చుని, కార్ఖానాల నుంచి వచ్చిన చీరలకు వేలాడే దారాలు కత్తిరించేవాళ్లం. నాకు హిందీ రాదు, గుజరాతీ అసలే రాదు. నా తరఫున లోకాన్నంతా అనుమానించే పని ఆమే పెట్టుకుంది.

ఆమె అనుమానానికి ఒక కారణం ఉంది. ఆమె పెనిమిటి మరమగ్గాల మీద, మావాళ్ల మాటలో సాంచాల మీద, రాత్రి పాళీ, అంటే నైట్ షిఫ్టు, చేసేవాడు. పగలు పడుకోవడానికి చోటు చూసుకోకుండా ఎవరో మంచిమాట చెబితే నమ్మి ఒక ఇంట్లో దిగారు. పగలంతా పక్కింట్లో సాంచాలు దడదడలాడేవి. నిద్రలేని మనిషి ఒక రాత్రి నడుస్తున్న సాంచె మీదికి తూలాడు. కుడిచేతి వేళ్లు పోయాయి. ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం బతకలేదు. "సాంచె తప్పు లేదు బిడ్డా, నిద్ర లేని ఇల్లు తిన్నది ఆయనను" అనేది రాజవ్వ. దారం కత్తిరిస్తూనే అనేది, చేయి ఆపకుండా.

మా ఆయన శంకర్‌ది కూడా రాత్రి పాళీయే. మా గది వెనక గోడను ఆనుకుని ఒకాయన కొత్తగా సాంచాలు దింపిన దగ్గర్నుంచి మాకు కష్టకాలం మొదలైంది. శంకర్ పొద్దున ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిని పడుకునేవాడు. కళ్లు మూసుకునేవాడే గానీ, నిద్ర పోయేవాడు కాదు. చెవుల్లో దూది పెట్టుకున్నా నేల అదిరేది, మంచం అదిరేది, గూట్లో గిన్నెలు కూడా మాట్లాడేవి. ఒక పొద్దున భుజం దాకా చేయి చిరిగిన చొక్కాతో వచ్చాడు. "ఏం గాలే, జర తట్టుకున్నది" అన్నాడు. నేను పక్కగదికి పరుగెత్తాను. రాజవ్వ వచ్చి ఆ చినుగును వేళ్లతో తడిమి చూసింది.

"ఇల్లు మారాలె బిడ్డా," అంది. "అల్లుడు పగటిపూట పండేటి ఇల్లు గావాలె. నేనొస్త నీతోని."

అలా మొదలైంది మా వెతుకులాట. రాజవ్వ ఇల్లు చూసే పద్ధతి ఇంకెక్కడా నేను చూడలేదు. గోడలు, కుళాయి, కిటికీ అన్నీ తర్వాత. చంకలో దుప్పటి పెట్టుకుని వచ్చేది. ఎండ నడినెత్తికి వచ్చాకే ఇల్లు చూస్తానని పట్టుబట్టేది. లోపలికి వెళ్లగానే ఆ దుప్పటి నేల మీద పరిచి, చెంప నేలకు ఆనించి, పడుకునేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పాండేసర దగ్గర మొదటి ఇంట్లో దలాలు నోరు వెళ్లబెట్టాడు.

"అరె మాసీ, ఘర్ దేఖ్‌నే ఆయీ హో యా సోనే?" అన్నాడు. ఇల్లు చూడటానికి వచ్చావా, నిద్రపోవడానికా అని.

"పండనీకే వచ్చిన. ఇల్లుండేది మరెందుకు?" అంది ఆమె కళ్లు తెరవకుండానే. అప్పటికి నేర్చుకున్న నాలుగు హిందీ ముక్కలతో నట్లు కొడుతూ ఆ మాట వాడికి చెప్పాను.

ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇక వెతకక్కర్లేదనుకున్నాను. రాజవ్వ లేచి, దుప్పటి దులిపి, వీధి చివర చాయ్ బండి దగ్గరికి పోయి, తాగే ఉద్దేశం లేకపోయినా చాయ్ ఒకటి చెప్పి, ఈ వాడలో సాంచాలకు వారపు ఛుట్టీ ఏ రోజని నాచేత అడిగించింది. ఈ రోజేనన్నాడు చాయ్‌వాలా. సాంచాలు ఆగిన రోజు చూసి దలాలు మమ్మల్ని తీసుకొచ్చాడు. నేను వాడి మీద కోపంతో ఊగిపోయాను గానీ రాజవ్వకు కోపం లేదు, లోకం తను అనుకున్నట్టే ఉన్నందుకు ఒక విధమైన తృప్తి. "చూసినవా? సప్పుడు లేకుంటె, ఎందుకు లేదని అడగాలె" అంది. ఆ మాట నాలో దిగిపోయింది.

వడోద్‌లో ఇంకో ఇల్లు చూశాం. రంగుల మిల్లు గాలి అటే కొడుతోందని ఆమె ముక్కుతోనే కనిపెట్టింది. ఆ తర్వాత డిండోలిలో ఒకటి. ఊరు అక్కడితో అయిపోయినట్టుండే చోట, కిందా పైనా రెండే వాటాలు. ఇంటావిడ ఒంటరి గుజరాతీ ముసలామె. మమ్మల్ని చూడగానే మంచినీళ్లిచ్చి, చాయ్ పెట్టింది. ఆ చాయ్ చూసే రాజవ్వ కనుబొమలు ముడిపడ్డాయి. అయినా దుప్పటి పరిచింది. ఈసారి చాలాసేపు లేవలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి, పక్క వీధిలో ఎక్కడా సాంచె మోత లేదని మళ్లీ మళ్లీ విన్నాను. వారపు ఛుట్టీ సంగతి ముందే ఆరా తీశాను, ఆ రోజు కాదు. ఆమె లేచినప్పుడు నుదుటి విభూది చెదిరి చెంప దాకా పాకి ఉంది.

"వద్దు బిడ్డా. నేల అదురుతాంది," అంది.

నేను వంగి అరచేయి ఆనించాను. నాకేమీ తెలియలేదు. నా చేతికేం తెలుసు, ఆమె చెంపకు తెలిసినంత, అనుకుని ఊరుకున్నాను. మరో వారం తిరిగాం. దూరంగా ఉన్న ప్రతి ఇంటికీ ఏదో ఒక వంక దొరికింది. ఆఖరికి మా సందు వెనకే, బట్టల గోదాం పైన ఒక గది చూపించి "గిది మంచిగుంది" అంది. ఆ గదిలో నిలబడితే మా గోడ వెనక సాంచాల దడదడ స్పష్టంగా వినబడుతోంది. నేను ఆమె ముఖం చూశాను. ఆమె నా ముఖం చూడలేదు.

అనుమానం ఒకసారి పుట్టాక ఆగదు. ఆ సాయంత్రం చీరలు ముందేసుకుని కూర్చున్నాను గానీ కత్తెర కదల్లేదు. అదిరే నేల మీద మనిషికి విభూది చెదిరేంత నిద్ర ఎలా పడుతుంది? ఈ ప్రశ్న ఎలా అడగాలో నాకు నేర్పింది ఆమే. దలాలును అనుమానించడం తేలిక, పాలవాణ్ణి అనుమానించడం తేలిక. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చిన మనిషిని అనుమానించడం ఎట్లా?

"పెద్దమ్మా," అన్నాను, "గా డిండోలి ఇంట్ల నీకు నిద్ర పట్టింది గదా?"

ఆమె కత్తెర ఆగింది. "ఏందే, నా మీదనే అనుమానమా?" అంది. గొంతు పెద్దదైంది. "నీకోసం కాళ్లరిగేటట్టు తిరిగితే గిదా?" చీరలన్నీ కుప్పగా ఎత్తుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. నేను తప్పుగా అనుకున్నానేమోనని భయం, సరిగ్గా అనుకున్నానేమోనని అంతకన్నా భయం.

తర్వాత ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర నీడ పడితే తలెత్తి చూశాను. రాజవ్వ. శంకర్ మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు, దూది ఒక చెవిలోంచి ఊడిపోయింది. చేయి మంచం బయటికి వేలాడుతూ, గోడ వెనక సాంచాల మోతకు అదురుతోంది. ఆమె చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత గడప మీద కూలబడింది.

"పట్టింది బిడ్డా," అంది. "గంత మంచి నిద్ర ఆయన పొయ్యినంక నాకెన్నడు పట్టలే. కల గుడ గన్న."

"మరి అదురుతాందని ఎందుకన్నవ్?"

"మీరు పోతె ఈ గోడ పక్కన నాకెవరున్నరే?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిద్ర లేని ఇల్లు ఏం జేస్తదో తెలిసినదాన్ని. అయినా అబద్ధమాడిన. నువ్వు నన్ను నమ్మకపోవుడే మంచిగైంది. గా డిండోలి ఇంటామెకు ఫోన్ చెయ్, లేకుంటె ఇల్లు పోతది."

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో, ఏడుపు వచ్చింది. ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. మేం దిగిన రోజు రాజవ్వ వచ్చి పొయ్యి మీద పాలు పొంగే దాకా నిలబడింది. ఇంటావిడ తెచ్చిన చాయ్ తీసుకుని, మొదటిసారి నా కళ్లెదుట, అనుమానించకుండా తాగింది. ఉండమంటే ఉండలేదు. తర్వాత షేర్ ఆటోలో నెలకోసారో ఎప్పుడో వచ్చేది, ఆ రాకపోకలు కూడా మోకాళ్ల నొప్పులతో తగ్గిపోయాయి. ఆమె పోయిందని తెలిసి లింబాయత్ వెళ్లేసరికి తలుపుకు వేరే తాళం ఉంది.

ఆమె నుంచి నేను నేర్చుకున్నది అనుమానం అని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే చెబుతాను, చెప్పడం సులువు కాబట్టి. నిజానికి నాకు మిగిలింది అంతకన్నా ఇబ్బందైనది. నావాళ్లలో ఎవరైనా దూరం పోతానంటే "వద్దు" అనే మాట నా నోటి దాకా వస్తుంది. అక్కడే ఆపి, ఇది వాళ్ల మంచికా, నా ఒంటరితనానికా అని నన్ను నేనే నిలదీసుకుంటాను. చాలాసార్లు జవాబు నాకు నచ్చదు.

శంకర్ ఇప్పుడు సాంచాల పని మానేశాడు. కంచంలో అన్నం కలుపుతుంటే నా చూపు ఆయన కుడిచేతి మీదికే పోతుంది. "ఏంది, గట్ల చూస్తున్నవ్?" అంటాడు. ఏం లేదంటాను. వేళ్లన్నీ ఉన్నాయి. పప్పు వేసుకుంటాడు, ముద్ద చేసుకుంటాడు, తింటాడు.