ఇంకా తీరని జొన్నరొట్టె సందేహం

ఆ రోజుల్లో నలుగురితో మాట కలపాలంటే, మాట కంటే ముందు దాని శీర్షిక సరిగ్గా ఉండాలి. వాట్సాప్ ఇంకా రాలేదు, ఈమెయిలు గుంపులుండేవి. ఒక చిరునామాకు ఉత్తరం రాస్తే గుంపులో అందరికీ చేరేది. నేను చేరిన తెలుగు గుంపును నడిపే పెద్దాయనను అందరూ ‘సారు’ అనేవారు. ఉత్తరంలో ఏముందన్న దాని కంటే, దాని శీర్షిక ఎలా ఉందన్నదే ఆయనకు ముఖ్యం. అడిగేదుంటే ముందు [సందేహం] అని పెట్టాలి. ఊరికే కబుర్లయితే [ముచ్చట]. జవాబు దొరికాక [తీరింది] అని మార్చాలి. ఏదీ పెట్టకపోతే ఆ ఉత్తరం గుంపులోకి పోకుండా సారు దగ్గరే ఆగిపోయేది. ఈ నియమాలన్నీ పొడుగాటి ఇంగ్లిషు ఉత్తరంగా కొత్తవాళ్లకు పంపేవారు. (నేను చదవలేదు. చదివి ఉంటే ఇంత కథ నడిచేది కాదు.)

సిరిసిల్లలో సాంచాల చప్పుడులో పెరిగినవాణ్ని. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మొదటి ఉద్యోగం ఇచ్చోడ దగ్గర పత్తి మిల్లులో, కంప్యూటర్ ముందు. పత్తి వచ్చే కాలం అయిపోగానే మిల్లు మూగబోయింది, కూలీలు ఊళ్లకు పోయారు, లెక్కలకు నేను మిగిలాను. నేను అద్దెకున్న ఇంటివాళ్లది మరాఠీ. నేను, ఇంటామె ఎదురుపడితే నవ్వుకోవడమే, మాట్లాడుకోవడం లేదు. ఫోన్లో అవ్వ "తిన్నవా బిడ్డా?" అనడిగితే "తిన్న" అనేవాణ్ని. నిజానికి నేను చేసే జొన్నరొట్టె పెనం దాకా చేరకుండానే ముక్కలయ్యేది. దాని కంటే పెద్ద బాధ, అది విరిగిందని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోవడం.

అందుకే బజారులోని నెట్ సెంటర్లో కూర్చుని గుంపుకు ఉత్తరం రాశాను. మా బాపు ఏ కాగితం మీదైనా పైన ‘శ్రీరామ’ అని రాయనిదే కింద అక్షరం పెట్టడు. గుంపులో చూస్తే, [తీరింది] అని మొదలయ్యే ఉత్తరాలను సారు పొగిడేవారు, "ఇలా రాయాలి" అని. ఓహో, ఇది వీళ్ల శ్రీరామ కాబోలు అనుకున్నాను. భక్తిగా కొట్టాను: [తీరింది] జొన్నరొట్టె విరగకుండా ఎట్ల చేయాలె?

ఒక్కరూ పలకలేదు. మర్నాడు ఇంకోటి రాశాను, ఇంకా మర్యాదగా. దానికీ లేదు. నా ఉత్తరం పక్కనే, ఎవరిదో కుండలో పెరుగు పులిసిపోయిందంటే గుంపంతా కదిలొచ్చి జవాబులు రాస్తోంది.

నెట్ సెంటర్ చాచా రోజూ చాయ్ పట్టుకొచ్చి అడిగేవాడు. "ఏం బేటా, జవాబొచ్చిందా?"

"రాలే చాచా."

"ఫికర్ చెయ్యకు. ఆళ్లకు గూడ పనులుంటయి గద."

పనులు కావు, నా భాష చూసి చిన్నచూపు చూస్తున్నారని నాకు నేనే తీర్మానించుకున్నాను. చివరికి మండిపోయి, శీర్షికా గీర్షికా లేకుండా రాసేశాను: "మీ గుంపుల నేనున్నట్టు గూడ ఎవ్వలికి తెల్వదు. నేను పోతున్న."

శీర్షిక లేదు కదా, తిన్నగా సారు దగ్గరికి పోయి ఆగింది. ఆయన నా పాత ఉత్తరాలన్నీ వెతికి చూసి రాశారు: "నాయనా, తీరిందని నువ్వే రాస్తివి. ఆ మాట ఉన్న ఉత్తరం ఇక్కడెవరూ తెరవరు. ఇక మేం తీర్చేదేముంది?"

చదివి చాచా ముందే నవ్వాను. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, అబద్ధమెందుకు.

ఆయనే శీర్షిక సరిచేసి గుంపులో వేశారు. ఇక చూడాలి! నీళ్లు మరగాలన్నవాళ్లు, పిండి కొత్తదై ఉండాలన్నవాళ్లు, అసలు జొన్నలే తప్పన్నవాళ్లు. హుజూరాబాద్ అక్క ఒకామె మాత్రం, "తమ్మీ, గిది రాస్తే వచ్చేది కాదు. పక్కన ఎవ్వలన్న చేస్తుంటే ఆళ్ల చేతులు చూసి నేర్చుకో" అంది. గోడ అవతల రోజూ ఇంటామె టపటపా రొట్టె కొడుతున్న చప్పుడు వింటూ, ఊరూరికీ ఉత్తరాలు రాశానన్నమాట! సిగ్గుపడుతూ పిండి గిన్నెతో ఆమె గుమ్మంలో నిలబడ్డాను. ఆమె పొయ్యి పక్కకు పీట జరిపింది.

రొట్టె కుదిరింది. [తీరింది] పెట్టమని సారు గుర్తు చేశారు. కొట్టాను, చెరిపేశాను. అది పెడితే ఇంకెవరూ తెరవరు కదా. "ఇంకా విరుగుతుందా తమ్మీ?" అని అక్క అడిగినప్పుడల్లా, "ఇయ్యాల ఒక అంచు విరిగింది" అని నిజమే రాసేవాణ్ని.

ఇప్పుడు కరీంనగర్లో ఉంటున్నాను. ఫోన్ నిండా గుంపులే. పొద్దున్నే పూల బొమ్మలు వచ్చి పడతాయి, ఎవరికీ ఏ సందేహమూ ఉండదు. సారు గుంపు ఎప్పుడో మూతపడింది. నా ఈమెయిలు పెట్టెలో ఆ ఉత్తరాలు మాత్రం ఉన్నాయి. మొన్న తెరిచి చదువుకుని నవ్వుకున్నాను. ఇంత వయసొచ్చింది, ఇప్పుడన్నా [తీరింది] అని పెట్టి నియమం పాటిద్దామని వేలు మీట దాకా తెచ్చాను. పెట్టలేదు. పెడితే, ఎక్కడైనా ఆ ఉత్తరం తెరిచేవాళ్లు మిగిలుంటే, వాళ్లూ తెరవరేమోనని.