కేంద్రకంలో కలిపిన వరస

కార్ఖానా అనే బస్తీలో మేమున్న కాంపౌండ్‌లో రెండు పోర్షన్లు. ఒకదాంట్లో స్కూటర్లు బాగుచేసే నేనూ, మా ఆవిడా. రెండోదాంట్లో కాలేజీలో ఫిజిక్స్ చెప్పే గుంటూరామె. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే ఆమె గొంతు గేటు దాకా వచ్చేది. అదే గొంతు ప్రొఫెసర్ల ముందు పడకేసేది. డాక్టరేట్ కోసం ఓసారి వాళ్ల ముందు నిలబడి, ఒక్క ప్రశ్నకే బిగుసుకుపోయి తిరిగొచ్చింది. రెండోసారి గిట్లనే అయితే ఇన్నేండ్ల చదువూ నీళ్లపాలే.

"తమ్ముడూ, నువ్వు ఎనిమిదితో ఆపేశావు కదా. నీకర్థమైతే ఎవరికైనా అర్థమవుద్ది. కాస్త ప్రొఫెసర్‌లా నా ముందు కూర్చో," అంది.

"ఆపలేదక్కా. బడే నన్ను పట్టుకోలేక వదిలేసింది."

వరండాలో కుర్చీలేసినం. నేను ప్రొఫెసర్ను. మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చి పెద్ద ప్రొఫెసరై కూర్చుంది.

అక్క షురూ చేసింది. కొన్ని పరమాణువుల కేంద్రకం గుండ్రంగా ఉండదట, కోడిగుడ్డు లెక్క సాగి ఉంటదట. లోపల కణాలు చుట్టూ తిరుగుతయి, బొంగరం లెక్క తమ చుట్టూ తాము సుత తిరుగుతయి. ఒకదాని చుట్టుతిరుగుడు నంబరు సున్నా, ఇంకోదానిది రెండు. పొంతనే లేదు. అయినా రెండింటి శక్తీ దాదాపు ఒకటే! ఎందుకని? రెండింటికీ నడుమ నంబరు, ఒకటి, ఉత్తుత్తిగా పెట్టి చూస్తే జంట కుదురుతదట. ఒక బొంగరం ఇటు, ఇంకోటి అటు, అంతే తేడా. ఆ ఉత్తుత్తి బొంగరమే స్యూడోస్పిన్. కేంద్రకం గుడ్డు లెక్క సాగినా ఆ జంట పెద్దగా విడిపోదని అక్క చదువంతా.

"ఉత్తుత్తిదైతే ఎంతవరకు నమ్మాలె?" అన్న.

అక్క నోట్సు మూసేసింది. పోయినసారి బిగుసుకుపోయింది సరిగ్గా ఈ ప్రశ్నకేనట. నాకు భయమేసి నోటికొచ్చింది వాగిన. "మనం సుత అంతే కదక్కా! నీది గుంటూరు, నాది కార్ఖానా. నీకు చర్చి, మాకు గుడి. ఒక్క చుక్క నెత్తురు కలవదు. అక్కా తమ్ముడూ అని వరస కలుపుకుంటే నడుస్తలేదా?"

పెద్ద ప్రొఫెసర్ గ్లాసు కింద పెట్టింది. "ఆగుండ్రి. ఆమె మీకు అక్క. నేను సుత అక్కా అనే పిలుస్తున్న. మరి మనిద్దరం ఏమైతం?"

చాయ్ నా ముక్కులకెళ్లి వచ్చింది. వదినా అనాల్సిన మనిషిని ఇన్నేండ్లు అక్కా అంటూ మొగుణ్ణి అన్నను చేసి పెట్టింది మహాతల్లి!

అక్క పడీ పడీ నవ్వి, కళ్లు తుడుచుకుని మాకేసి తిరిగింది. "ఇదే జవాబు! కలుపుకున్న వరస ఆ జంట వరకే. అన్నివైపులా లాగితే తెగిపోద్ది. అందుకే శక్తులు దాదాపు ఒకటే, అచ్చంగా ఒకటి కాదు." గొంతు చర్చి గొంతే.

ప్రొఫెసర్ల ఇంటర్వ్యూ రోజు సాయంత్రం గేటు దగ్గరే పట్టుకున్న. "అడిగిన్రా?"

"మొదటి ప్రశ్నే అది. వరస సంగతే చెప్పాను, మీ మొగుడూ పెళ్లాలతో సహా."

"మస్తు నవ్విన్రా?"

"ఒక్కరూ నవ్వలేదు తమ్ముడూ. తలలూపి రాసుకున్నారు."

అంత మంచి జోకు, ఒక్కరు సుత నవ్వలేదు! నాకు అన్నం దిగలేదు. డాక్టరేటైతే ఇచ్చిన్రు.